మూడో రంగు

తార్నాక,
ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చిన తర్వాత.

చిరంజీవి సుదర్శన్‌ను అమ్మ శివమ్మ ప్రభువు పేరిట దీవించి రాయునది.

నాయనా, ఇక్కడ నేను బాగున్నాను. ఎప్పుడూ "మేమందరం బాగున్నాం" అని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు అందరం అంటే నేనొక్కదాన్నే కదా, అందుకని అలా రాశాను. నువ్వు ఆ మంచులో ఆరోగ్యంగా ఉన్నావని, వేళకు ఇంత తింటున్నావని అనుకుంటున్నాను. పెదవులు పగిలి రక్తం వస్తోందని రాశావు. కొబ్బరినూనె పంపుదామంటే అది అక్కడ రాయిలా గడ్డకడుతుందని నువ్వే ఒకసారి చెప్పావు. మీ సార్లను అడిగి ఏదైనా మందు పూసుకో. పెదవిని పళ్ళతో పీకకు.

నువ్వు ఉత్తరం రాయడమే మంచిదైంది. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. నువ్వేమో మాట్లాడకుండా ఊరుకుంటావు. ఇంతలో సిగ్నల్ పోతుంది. ఉత్తరమైతే ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ రాయవచ్చు. నా చదువు చిన్నప్పుడే ఆగింది, ఆ తర్వాత చదివింది బైబిలు ఒక్కటే. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను.

"చెల్లెను మట్టి చేసేటందుకు నాకోసం ఇంకొక్క రోజు ఆగలేకపోయిండ్రా" అని అడిగావు. ఆ మాట చదివి ఉత్తరం మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టాను. సాయంత్రం దాకా మళ్ళీ తీయలేదు. బిడ్డా, మీ ఆఫీసరు గారే ఫోన్ చేశారు. మంచు పడి దారి మూసుకుపోయింది, ఎప్పుడు తెరుస్తారో చెప్పలేము అన్నారు. ఆయన హిందీలో చెప్తుంటే మన స్వర్ణతో కాలేజీలో చదివే సుప్రజ, ఆ సీతాఫల్‌మండి పిల్ల, నాకు తెలుగులో చెప్పింది. పాస్టరయ్య ఇంకా ఆగుదామనే అన్నాడు. నాకే మనసొప్పలేదు. డెంగ్యూ జ్వరానికి దాని ఒంటి నిండా మచ్చలు తేలాయి. ముఖం ఉబ్బింది. నువ్వు చివరిసారి స్టేషన్లో చూసిన ముఖమే నీకు గుర్తుండాలని అనుకున్నాను. తప్పో ఒప్పో నాకు తెలియదు.

మళ్ళీ మిషను ఎక్కావా అని అడిగావు. ఎక్కాను. ఎక్కకపోతే ఎక్కించేవాళ్ళు ఉన్నారు. క్వార్టర్లలో ఉండే పద్మావతి గారు గుమ్మంలోనే నిలబడి, "నీ కష్టం నాకు తెలియదా శివమ్మా, అడగడానికి నోరు రావట్లేదు" అంటూనే సంచిలోంచి జాకెట్టు ముక్కలు తీసింది. "పెళ్ళి బుధవారం. వెనక మెడ కాస్త కిందికి దించు. మరీ ముసలిదాన్లా కుట్టించుకుంటానని మా ఆడపడుచు ఎత్తిపొడుస్తోంది" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను.

ఇక మూడోది. "స్వర్ణ కాలేజిల ఆఖరికి చెక్కిన పలక ఉన్నదట. దాని మీద దాని చేతి గీత ఉంటది. ఎవ్వరినీ ముట్టనియ్యకు. నేనొచ్చి తీసుకుంట. ఆ ఇంట్ల నేను ఇంకేం అడగ" అని రాశావు. దీనికి జవాబు ఒక్క మాటలో లేదు నాయనా. మొదటి నుంచి చెప్పాలి. ఓపిక పట్టి చదువు.

కాలేజీలో ఆ లైనో అచ్చుబొమ్మల పని అది నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నువ్వు ఇక్కడ లేవు. ఒక రోజు మట్టిరంగు రేకులాంటిది చంకలో పెట్టుకుని వచ్చింది. పెద్దోళ్ళ ఇళ్ళల్లో నేల మీద పరుస్తారే, అట్లాంటిది.

"ఏందే ఇది? ఎవరింట్ల నేల పీక్కొచ్చినవ్?" అన్నాను.

"లైనో అంటరమ్మా. దీన్ని ఉలితోని చెక్కి, ఇంకు పూసి, కాయితం మీద అద్దుతం."

"చీరల మీద అచ్చులు గుద్దినట్టా?"

"గంతే. ఇస్త్రీ పెట్టె ఇయ్యి. చలికి గట్టిపడ్డది, జర వేడి తగిలితే మెత్తగైతది."

"నా ఇస్త్రీ పెట్టె ముట్టినవంటే వీపు పగుల్తది. పట్టు జాకెట్లు చేసే పెట్టె అది."

అది నా మాట ఎప్పుడు విన్నది? నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి పాత చీర మడత వేసి, దాని కింద ఆ రేకు పెట్టి, ఇస్త్రీ చేస్తోంది. ఆ సాయంత్రమే వేలు కోసుకుంది. ఉలికి ముందు రెండో చెయ్యి పెట్టకూడదని వాళ్ళ సుధామయి మేడమ్ మొదటి రోజే చెప్పిందట. "చెప్పింది, నేనే మర్సిన" అని వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఇల్లంతా ఇంకు వాసన. దాని దగ్గర ప్రెస్సు లేనప్పుడు కాయితం వెనక గరిటె బోర్లించి రుద్దేది. పప్పు గరిటె కనపడకపోతే దాని సంచిలో వెతికేదాన్ని. దండెం మీద జాకెట్ల మధ్య దాని కాయితాలు క్లిప్పులు పెట్టి ఆరేసేది. ఒకామె వచ్చి గుడ్లగూబ బొమ్మ చూసి భయపడి, మళ్ళీ మన ఇంటికి బట్టలు ఇవ్వలేదు.

ఈ చివరి సంవత్సరం కష్టమైన పని పెట్టుకుంది. ఒకే పలకతో మూడు రంగులు. నాకు అన్నం ముందు కూర్చోబెట్టి చెప్పింది. కాయితం తెల్లగా ఉండాల్సిన చోట ముందు చెక్కేస్తారట. మిగిలిన పలకకు పసుపు పూసి, అనుకున్నన్ని కాయితాల మీదా అద్దుతారు. ఆ తర్వాత పసుపుగా ఉండాల్సిన చోట చెక్కేసి, అదే పలకకు ఇటుక రంగు పూసి, అవే కాయితాల మీద అద్దుతారు. చివరికి ఇటుక రంగు ఉండాల్సినంత మేరా తీసేస్తే, పలక మీద ఎత్తుగా కొన్ని గీతలే మిగులుతాయి. వాటికి నలుపు. అప్పుడు గానీ బొమ్మ ముఖం తెలియదు.

"మరి నడుమ తప్పు పోతే?" అన్నాను.

"పోయిందే. ఒకసారి కోసినంక అతకదు. నీ జాకెట్టుకైతే మాసిక ఏస్తవ్. దీనికి మాసిక లేదు."

"గంత భయంల ఎట్ల చేస్తవే?"

"భయముంటెనే చెయ్యి సక్కగ పోతదమ్మా" అంది.

ఇటుక రంగు అద్ది, కాయితాలు తీగకు ఆరేసి, ఆ రోజే వణుకుతూ ఇంటికి వచ్చింది. మళ్ళీ కాలేజీకి పోలేదు. మిగతాది నీకు తెలుసు.

క్రిస్మస్ అయ్యాక సుప్రజ వచ్చింది. మనింటికి ఈసారి నక్షత్రం కట్టలేదు. "ఆంటీ, స్వర్ణ సామాన్లు మీరొచ్చి చూస్కుంటరా, నన్ను తెమ్మంటరా?" అని అడిగింది. నేనే వెళ్ళాను. తార్నాక నుంచి యూనివర్సిటీ లోపలికి నడిచిపోతుంటే ఆ పెద్ద చెట్ల కింద ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. నా బిడ్డ రోజూ నడిచిన దారిలో నేను ఏడుస్తూ పోతుంటే ఎవరికీ తెలియకపోవడం నాకు కొంత నయమనిపించింది.

ఆ గదిలో కిరోసిన్ వాసన, ఇంకు వాసన. స్వర్ణ కాయితాలు తీగ మీద అట్లాగే ఉన్నాయి. పసుపు, ఇటుక రంగు మచ్చలు తప్ప ఏమీ తెలియడం లేదు. ఎవరో నేల మీద ముడుచుకున్నట్టు ఉంది, అంతే. సుప్రజ అరలోంచి గుడ్డ చుట్టిన పలక తీసి నా చేతిలో పెట్టింది. గుడ్డ విప్పి చూశాను. చెక్కని చోటంతా నల్ల పెన్నుతో సన్నగా గీసి ఉంది.

అది నువ్వే సుదర్శన్.

పోయిన సెలవుకు వచ్చినప్పుడు మధ్యాహ్నం అన్నం తిని, నా మిషను పక్కన పీలికల మూట తల కింద పెట్టుకుని నిద్రపోయావు చూడు, అది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. వేళ్ళు గుప్పిట సగం మూసి ఉన్నాయి. ఎప్పుడు గీసుకుందో నాకూ తెలియదు. "అన్నకు చెప్పొద్దన్నది ఆంటీ. వచ్చే సెలవుకు ఫ్రేము కట్టించి ఇస్తనన్నది" అని సుప్రజ చెప్పింది. నీ గడ్డం మీది మచ్చ అటువైపు ఉందేమిటి అని అడిగితే, కాయితం మీద అద్దినప్పుడు తిరగబడి సరిగ్గా వస్తుంది అంది. నీకు ఇది ఎవరూ చెప్పి ఉండరు. దాని చేతి గీత అని అడిగావు గానీ, ఆ గీతలు నీవేనని నీకు తెలియదు.

సుధామయి మేడమ్ మంచి మనిషి. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "శివమ్మగారూ, మార్చిలో పిల్లల ప్రదర్శన ఉంది. స్వర్ణవి ఇలాగే పెడతాం. ఎక్కడ ఆగిందో అక్కడే అందంగా ఉంది" అంది.

"సగం కుట్టిన జాకెట్టు ఎవరికన్న ఇస్తరా మేడమ్?" అన్నాను.

"పోనీ సుప్రజ పూర్తి చేస్తుంది. మీరు ఒప్పుకుంటేనే."

"వద్దు. నాకు నేర్పుండ్రి. నేనే జేస్త."

ఆమె నా ముఖం చూసి ఏమనుకుందో, కాదనలేదు. చిన్న ముక్క ఒకటి, ఉలి ఒకటి ఇచ్చింది.

అప్పటి నుంచి కుట్టు పని అయ్యాక మధ్యాహ్నాలు పోయేదాన్ని. జాకెట్ల మీద మగ్గం పనికి నేను గీసే మామిడి పిందెలు, తీగలు ఆ ముక్కల మీద గీసి చెక్కేదాన్ని. కాచిగూడలో కుట్టు నేర్చుకున్నప్పుడు మాస్టరు ఒక్కటే మాట చెప్పేవాడు, సుద్ద గీత మీద కత్తెర పోవాలి, గీత ఇటు మిగిలినా అటు మిగిలినా బట్ట చెడినట్టే అని. ఆ చెయ్యే ఇక్కడా పనికొచ్చింది. నల్లని దాంట్లో తెల్లని తీగ, వెంట్రుకంత సన్నగా వచ్చేది.

"ఆంటీ, మీరు గిట్లనే వస్తే మాకు మార్కులు పడయి. రాకుండ్రి ఇగ" అని పిల్లలు ఆట పట్టించేవాళ్ళు.

"ఫీజు గూడ కడ్తనే మరి, పోరగాండ్లతోని ఫస్టు క్లాసు గుంజుకుంట" అనేదాన్ని నేను.

ఆ గదిలో కూర్చుంటే దాని పక్కన కూర్చున్నట్టు ఉండేది. ఇంటికి వచ్చి తాళం తీస్తేనే మళ్ళీ తెలిసేది.

అట్లా ఉండగా నీ ఉత్తరం వచ్చింది.

నాయనా, ఇది చెప్పడానికే ఇంతసేపూ చుట్టూ తిరిగాను. నీ ఉత్తరం చదివాను. "ఎవ్వరినీ ముట్టనియ్యకు" అన్నది ఒకటికి నాలుగుసార్లు చదివాను. కొన్నాళ్ళు కాలేజీకి పోలేదు. తర్వాత పోయాను. తెలియక పోలేదు, తెలిసే పోయాను. 'ఎవ్వరినీ' అన్నదాంట్లోకి తల్లి కూడా వస్తుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు వచ్చి పలకను పెట్టెలో పెట్టుకుని తీసుకుపోతే, ఆ కాయితాలు ఎప్పటికీ ముఖం లేకుండా ఉండిపోతాయి అనుకున్నాను. అన్నింటికన్నా నిజం ఏమిటంటే, దాని చెయ్యి ఆగిన చోట నా చెయ్యి పెట్టాలనిపించింది. ఆ ఆశ ముందు నీ మాట నాకు చిన్నదైపోయింది.

స్వర్ణ పలక మొదలుపెడదామనుకున్న రోజు మేడమ్‌కు ఏదో మీటింగు. "నేను వచ్చాక కలిసి మొదలుపెడదాం అమ్మా, అప్పటిదాకా చిన్న ముక్క మీద చేయి తిప్పుకోండి" అని చెప్పి వెళ్ళింది. సుప్రజ క్లాసుకు పోయింది. గదిలో నేనొక్కదాన్నే. అందరి ముందు నీ ముఖం మీద ఉలి పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. పలకను కిటికీ ఎండలో కాసేపు ఉంచాను. ప్రార్థన చేసుకున్నాను. కనుబొమ్మ గీత మీద ఉలి పెట్టాను.

గీత ఎక్కడ పోతే అక్కడికి పోయాను. కనురెప్పలు, ముక్కు, ఆ తెరుచుకున్న పెదవులు, గడ్డం మీది మచ్చ. వేళ్ళు ఒక్కొక్కటీ. స్వర్ణ గీసిన పెన్ను గీత ఇటు మిగలలేదు, అటు మిగలలేదు. అంత శుభ్రంగా నేను పెళ్ళి జాకెట్టు కూడా కోయలేదు.

సుప్రజ టీ పట్టుకుని వచ్చింది. నా భుజం మీంచి వంగి చూసింది. గ్లాసు కిటికీలో పెట్టింది.

"ఎట్లున్నదే?" అన్నాను.

"ఆంటీ... అవి ఉంచాలె ఆంటీ."

"ఏవి?"

"ఆ గీతలు. నల్లగ రావల్సినయి అవే గద. చుట్టుపక్కలది తియ్యాలె, గీతలు ఉంచాలె."

నాకు వెంటనే అర్థం కాలేదు. నా తీగలు, నా పిందెలు గీత మీదే కోశాను కదా, అందరూ మెచ్చుకున్నారు కదా అన్నాను. అవి తెల్లగా రావాలని గీసుకున్నవి, స్వర్ణవి నల్లగా రావాలని గీసినవి అని ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. కోసిన చోట ఇంకు పట్టదు. స్వర్ణ నాకు అన్నం ముందు కూర్చోబెట్టి చెప్పిన మాటే అది. చివరికి గీతలే మిగులుతాయి అని. నేను విన్నాను. చెవి విన్నది గానీ చెయ్యి వినలేదు. చేతికి కాచిగూడ మాస్టరు మాట ఒక్కటే తెలుసు.

నేను తీసేసింది నీ ముఖం.

నేల మీద సన్నని పొట్టు పడి ఉంది. చుట్టలు చుట్టలుగా, కొన్నింటి మీద నల్ల పెన్ను గుర్తు ఇంకా కనపడుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకున్నాను. అతకవచ్చేమో అనిపించింది. దీనికి మాసిక లేదని తెలిసీ ఏరాను. సుప్రజ నా చేతులు పట్టుకుని ఆపేదాకా ఏరుతూనే ఉన్నాను.

మేడమ్ వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండును. "తప్పు నాదమ్మా. మీకు ఒక్క రకమే నేర్పాను. రెండోది చూపించకుండా వెళ్ళాను" అంది. ఒక్కటి అద్ది చూపించమని నేనే పట్టుబట్టాను. వద్దంది. వినలేదు. నలుపు పూసి, స్వర్ణ కాయితాల్లో ఒకదాన్ని దాని మీద పెట్టి ప్రెస్సులోంచి తీశారు.

ఇటుక రంగులో ఉండాల్సిన నీ ఒళ్ళంతా నల్లగా పడింది. కాలినట్టు. ఆ నలుపులో కళ్ళు మూసుకున్న రెండు గీతలు ఎర్రగా. ప్రభువు బిడ్డలకు శకునాలు లేవని పాస్టరయ్య చెప్తాడు, నేనూ నలుగురికి చెప్పాను. కానీ ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చినదాన్ని. మంచులో తుపాకి పట్టుకుని నిలబడిన రెండో బిడ్డ ముఖం నా చేత్తోనే అట్లా చేశాను. మిగతా కాయితాలు ముట్టవద్దన్నాను. ఆ సాయంత్రమంతా నీ నంబరుకు చేస్తూనే ఉన్నాను. అందుబాటులో లేదు, లేదు అని ఫోను కంపెనీ పిల్ల గొంతే వచ్చింది. మర్నాడు "బాగున్న" అని నీ మెసేజి వచ్చాక ఇంత అన్నం తిన్నాను. ఎందుకమ్మా అన్నిసార్లు చేశావ్ అని అడిగావు, ఊరికే అన్నాను. ఊరికే కాదు.

ఇప్పుడు మేడమ్ ఒక మాట చెప్తోంది. పలక పాడుకాకముందు సుప్రజ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంది. దాన్ని చూసి కొత్త పలక మీద ఆ గీతలే మళ్ళీ గీసి, సుప్రజ చెక్కితే, మిగిలిన కాయితాల మీద మూడో రంగు పడుతుంది. నీ ముఖం వస్తుంది. అది స్వర్ణ గీతలాగే ఉంటుంది గానీ స్వర్ణ గీత కాదు. లేదా రెండు రంగులతోనే వదిలేయాలి. మీరు, మీ అబ్బాయి ఆలోచించి చెప్పండి అంది. నాకు చెప్పే హక్కు పోయిందన్నాను. మా సుదర్శన్ చెప్పినట్టే చెయ్యండి అన్నాను. నేను ఈసారి నీ మాట దాటను.

పలక నా దగ్గరే ఉంది. నల్లగా పడిన కాయితం కూడా ఉంది. కాల్చేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. కింది రెండు రంగులూ స్వర్ణ చేతివి కదా. నీకు పంపడం లేదు. నువ్వు ఒంటరిగా ఉన్నచోట దాన్ని చూడవద్దు.

పక్కింటి రాములమ్మకు చెప్పుకుని ఏడిస్తే, "గిప్పుడే రాయకు శివమ్మ. రాస్తె పిల్లగాడు రాడు. వచ్చి, తిని, పండినంక మెల్లగ చెప్పు" అంది. ఆమె చెప్పింది తెలివైన మాటే. నాకూ ఆ భయమే. కానీ నువ్వు అంత దూరం నుంచి ఆ పలక కోసం చెయ్యి చాపుకుంటూ వస్తే, గుమ్మంలో నీకు దాన్ని ఎట్లా ఇవ్వను? అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఈ ఇంట్లో ఒక్కటే అడిగావు, ఆ ఒక్కటే నేను పాడుచేశాను.

మార్చిలో సెలవు ఇస్తారని రాశావు. ఇది చదివాక నీకు ఇటు ముఖం పెట్టబుద్ధి కాకపోవచ్చు. మీ దోస్తుల ఊళ్ళకు పోవాలనిపించవచ్చు. బిడ్డా, స్వర్ణ ఉన్నప్పుడు కూరలో ఉప్పుకు కూడా నాతో కొట్లాడేది. వాడకట్టంతా వినపడేది. ఇప్పుడు ఈ ఇంట్లో పొద్దున లేచింది మొదలు మిషను చప్పుడు తప్ప గొంతు లేదు. తప్పు చేశానని నన్ను అడిగేవాళ్ళు కూడా లేరు, అందరూ జాలి పడుతున్నారు. ఆ జాలి నాకు వద్దు. నన్ను క్షమించి రమ్మని నేను అనడం లేదు. కోపంతోనే రా. వచ్చి, వాడకట్టంతా వినేటట్టు తిట్టు. నేను తలుపు తీసే ఉంచుతాను.

ఇట్లు,
నిన్నూ స్వర్ణనూ కన్న
నీ అమ్మ
శివమ్మ